నాలుగు నిమిషాల ఎరుపు

ఆ వేసవిలో మా ఇంట్లో ముగ్గురం మూడు రకాలుగా ట్రాఫిక్ సిగ్నళ్లతోనే బతికాం. నేను వాటిని చూసుకునే ఆఫీసులో ఇంజినీరుని. మా ఆయన వాటి కిందనుంచి రోజుకి ఎనిమిది ట్రిప్పులు సిటీ బస్సు నడిపేవాడు. మా మామయ్య ఒకప్పుడు ట్రాఫిక్ కానిస్టేబులు. ముప్ఫై ఏళ్లు నడిరోడ్డు మీద నిలబడి చేతులతోనే బళ్లని నడిపించి, రిటైరై పదకొండేళ్లయింది. వీధిలో అందరూ ఆయన్ని విజిల్ తాత అనేవారు. ఆ పేరు ఆయనకి ఇష్టమే, కాకపోతే ఇష్టం లేనట్టు మొహం పెట్టేవారు.

అత్తయ్య పోయాక ఆయన మా రెండు గదుల ఇంటికి వచ్చేశారు. వచ్చి ఏడాదవుతున్నా నాతో నేరుగా మాట్లాడింది తక్కువ. కోపం కాదు, అలవాటు లేదు. నేను రెండడుగుల దూరంలో స్టవ్ దగ్గర నిలబడి ఉండగానే, "టీ అయిందేమో అడుగు," అని కొడుకుతో అనేవారు. మా ఆయన నావైపు తిరిగి, "టీ అయిందా అని అడుగుతున్నారు," అనేవాడు. "అవుతోందని చెప్పు," అనేదాన్ని. మా ఇంట్లో మాట కూడా మూడు జంక్షన్లు దాటి వెళ్లాల్సిందే.

వేసవి మొదట్లో ముప్ఫై నాలుగు జంక్షన్లలో కొత్త సిగ్నళ్లు పెట్టాం. నెల రోజుల ట్రయల్. ఆఖర్న ఒక కమిటీ వచ్చి చూసి, బాగుందంటే ఊరంతా పెడతారు. మొదటిరోజు సాయంత్రం భోజనాల దగ్గర మామయ్య కొడుకుతో, "పాతవాటికీ వీటికీ తేడా ఏమిటో కనుక్కో," అన్నారు.

ఈసారి మా ఆయన ఊరుకోలేదు. "నాకేం తెలుసు నాన్నా, ఎదురుగానే కూర్చుందిగా," అన్నాడు.

నేనే చెప్పాను. "ఇంతకుముందు అన్నిటికీ ఒక టైంటేబుల్ రాసిపెట్టేవాళ్లం మామయ్యా. రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, రాసినంతసేపూ ఆ లైటు వెలగాల్సిందే. ఇప్పుడు ఏ జంక్షనుకి ఆ జంక్షనే పెద్ద. స్తంభం మీద కెమెరా తన ముందు ఎన్ని బళ్లు ఆగాయో లెక్కపెట్టుకుంటుంది. పక్క జంక్షన్‌ని అడుగుతుంది, వీళ్లని నీవైపు వదిలితే నీ దగ్గర చోటుందా అని. ఎటు ఒత్తిడి ఎక్కువగా ఉండి, ముందు చోటుంటే అటు పచ్చ. పైనుంచి ఎవరూ చెప్పరు."

ఆయన ముద్ద చేతిలోనే పెట్టుకుని కాసేపు ఆలోచించారు. "మేం చేసిందీ అదేగా," అన్నారు, ఈసారి నన్ను చూస్తూ. "పక్క సెంటర్లో ఉన్నవాడు చెయ్యి అడ్డంగా పెడితే నేను ఆపేవాణ్ణి. వాడి దగ్గర రోడ్డు నిండిపోయిందన్నమాట. ఇంకో పది నిమిషాలకి వాడు నాకోసం ఆపేవాడు. దీనికి ముప్ఫై ఏళ్లు పట్టిందా మీకు?"

"పట్టింది మామయ్యా," అన్నాను.

మొదటి వారంలోనే తేడా తెలిసింది. మా ఆయన సాయంత్రం నలభై నిమిషాలు ముందే ఇంటికొస్తున్నాడు. మొహంలో ఆ జిడ్డు, ఆ చిరాకు లేవు. "ఇన్నాళ్లూ నన్ను చూస్తే మొహం ఎర్రగా పెట్టేవి," అనేవాడు. "ఇప్పుడు అత్తారింట్లో కొత్తల్లుడికి జరిగినంత మర్యాద జరుగుతోంది. రండి బాబూ, రండి అంటున్నాయి." ముగ్గురం కలిసి భోంచెయ్యడం ఆ రోజుల్లోనే మొదలైంది. అంతకుముందు అతనికి కంచం మీద కంచం బోర్లించి పెట్టేదాన్ని.

రెండోవారం చివర్లో మా పెద్దసారు నన్ను పిలిచారు. ఆయన ఈ ప్రాజెక్టు వెంట పదేళ్లుగా తిరుగుతున్న మనిషి. బల్ల మీద బీపీ మాత్రలు, పక్కన చల్లారిన టీ. ట్రయల్ గెలవాలంటే సిగ్నళ్ల దగ్గర బళ్లు ఆగే సమయం ఇరవై శాతం తగ్గాలి. మాది పదిహేడు దగ్గర నిలిచిపోయింది.

"ఆ మూడు ఎక్కడ పోతోంది?" అన్నారు.

"నడిచేవాళ్ల దగ్గర సార్. రోడ్డు దాటడానికి బటన్ నొక్కితే, తొంభై సెకన్ల లోపల బళ్లని ఆపి దారి ఇవ్వాలని గడువు పెట్టాం. రద్దీ టైములో అది బళ్ల ఒత్తిడిని పెంచేస్తోంది."

"గడువు పెంచు."

"ఎంతకి?"

"సిస్టం ఎంతదాకా ఒప్పుకుంటుంది?"

"రెండొందల నలభై."

"పెట్టెయ్. కమిటీ వచ్చి వెళ్లేదాకానేగా."

అప్పటికి పద్నాలుగు రోజులుగా నాకు సెలవు లేదు. కళ్లు మూస్తే అంకెలే కనబడుతున్నాయి. కాదని చెప్పడానికి కూడా ఓపిక కావాలి, ఆ రోజు నా దగ్గర అది లేదు. సీటు దగ్గరికి వెళ్లి తొంభై చెరిపి రెండు, నాలుగు, సున్నా కొట్టాను. మర్నాటికి లెక్క ఇరవై ఒకటి చూపించింది. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మూడోవారం మధ్యలో పదిహేడో జంక్షన్‌కి తెగులు పట్టుకుంది.

రోజూ మధ్యాహ్నం రెండూ పది అయ్యేసరికి తెర మీద దాని ఒత్తిడి అకస్మాత్తుగా పెరిగిపోయేది. పచ్చ ఇచ్చినా బళ్లు కదలడం లేదని చూపించేది. కాసేపటికి పదహారు, పద్దెనిమిది కూడా బిగుసుకునేవి. ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే పక్కవాళ్లకీ అంటినట్టు. సరిగ్గా రెండున్నరకి ఏమీ ఎరగనట్టు అన్నీ సర్దుకునేవి. ఆ కెమెరాలు బొమ్మలు పంపవు, అంకెలే పంపుతాయి. నాలుగు రోజులు ఆ అంకెల్ని తిరగేశాను. కేబుల్ మార్పించాను, కెమెరా తుడిపించాను, ప్రోగ్రాం మొదటినుంచి చివరిదాకా చదివాను. తప్పు దొరకలేదు.

"కమిటీ రావడానికి తొమ్మిది రోజులే ఉంది," అన్నారు పెద్దసారు.

అయిదో రోజు నేనే బయల్దేరాను. పదిహేడో జంక్షన్ మా ఇంటికి రెండు వీధుల అవతలే. అక్కడ పెద్దరోడ్డులోకి ఒక సన్నటి సందు వచ్చి కలుస్తుంది. సందులో ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ ఉంది. రోడ్డుకి ఇవతల బస్టాపు. నేను దిగేసరికి రెండు దాటింది. ఎండకి తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. చెట్టు లేదు, నీడ లేదు.

బళ్లన్నీ ఆగి ఉన్నాయి. సిగ్నల్ మాత్రం వాటికి పచ్చగానే ఉంది.

నడిరోడ్డు మీద మా మామయ్య నిలబడి ఉన్నారు.

తెల్లచొక్కా, గుడ్డబూట్లు, నోట్లో విజిలు. ఎడమచెయ్యి నిటారుగా బళ్లకి అడ్డం, కుడిచెయ్యి సందువైపు రమ్మని. ఇంట్లో మంచం మీంచి లేవాలంటే రెండుసార్లు గోడ పట్టుకునే మనిషి ఆయన. నడుం వంగే ఉంది, చెయ్యి మాత్రం వంగలేదు. సందులోంచి నలభై యాభై మంది ఆడవాళ్లు గబగబా దాటి బస్టాపువైపు వస్తున్నారు. ఒక్క బండి కూడా హారన్ కొట్టలేదు.

కుడిచేతికి కట్టు కట్టుకున్న ఒకావిడ వచ్చి నా పక్కన నిలబడింది. చీర అంచు ఇంకా తడిగా ఉంది.

"ఎవరండీ ఆయన?" అన్నాను. ఎందుకలా అడిగానో నాకే తెలీదు.

"మాకూ తెలీదమ్మా. తాతగారంటాం. ఆయన లేకపోతే ఈ పాటికి మేం ఆ సందు చివర వేళ్లూనుకుని మొలిచేవాళ్లం."

"బటన్ ఉందిగా?"

"ఎందుకు లేదూ! నొక్కి నొక్కి అరిగిపోయింది. గోడకి చెప్పుకున్నట్టే. మొన్నమొన్నటిదాకా బాగానే వచ్చేది, ఈమధ్యే దానికేమైందో. ఎనిమిది గంటలు ఆవిరిలో నిలబడి వచ్చి, మళ్లీ ఈ ఎండలో నాలుగు నిమిషాలంటే మాటలా? ఎక్కాల్సిన బస్సు ఎదురుగానే కదిలి వెళ్లిపోతుంటుంది. ఒకరోజు ఉండబట్టలేక పరిగెత్తాను." కట్టు ఉన్న చెయ్యి పైకెత్తి చూపించింది. "స్కూటరు తగిలింది. మణికట్టు ఎముక. ఆ పక్కన లైబ్రరీలో పేపరు చదువుకుంటున్న తాతగారు పరిగెత్తుకొచ్చి ఆటో ఎక్కించారు. మర్నాటినుంచి విజిల్ పట్టుకొచ్చారు."

"చేతికి ఇలా ఉంటే పనికెలా వస్తున్నారు?"

"రెండో చెయ్యి ఉందిగా. మడతలు పెడుతున్నాను," అని బస్సు వస్తుంటే వెళ్లిపోయింది.

ఎప్పటినుంచని ఆవిడని నేను అడగలేదు. తారీఖు నాకు తెలుసు.

అందరూ దాటాక మామయ్య బళ్లకి దారి వదిలి ఫుట్‌పాత్ మీదికి వచ్చారు. నన్ను చూసి ఆగిపోయారు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. ఇద్దరం ఇంటిదారి పట్టాం. నెమ్మదిగా నడుస్తున్నారు.

"ఆఫీసులో గోలయిందా?" అన్నారు కొంతసేపటికి.

"అయింది."

"నావల్లే?"

"రేపటినుంచి వెళ్లకండి మామయ్యా. కమిటీ వస్తోంది. మావాళ్లు పోలీసులకి కంప్లైంట్ ఇస్తారు."

"ఇవ్వనీ. నేనూ పోలీసునేగా."

"ఇప్పుడు కాదుగా," అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆయన మొహంలో ఏదో ఆరిపోయింది. మా వీధి మలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడి, "నన్ను ఆగమంటే ఆగుతానమ్మా. వాళ్లనెంతసేపు ఆగమంటావు?" అన్నారు.

ఆ గడువు పెట్టిందెవరో నేను చెప్పలేదు.

మర్నాడు పెద్దసారుకి సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి కళ్లు రుద్దుకున్నారు.

"బయటి వ్యక్తి అడ్డుపడ్డాడని రాస్తే పోతుంది. కానీ మీ మామగారంటున్నావు."

"గడువు మళ్లీ తొంభైకి తెద్దాం సార్."

"తెస్తే మళ్లీ పదిహేడు శాతం. ట్రయల్ పోతుంది. పోతే ఇంకో పదేళ్లు ఆ టైంటేబులే. అప్పటికి నేనుండను, నీకూ ఓపికుండదు." గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. "కెమెరా లోపమని రాయి. పెద్దాయన్ని ఈ వారం రోజులూ ఇంట్లో కూర్చోబెట్టు. కమిటీ వెళ్లిన మర్నాడే తొంభై పెడదాం. నా మాట నమ్ము."

నమ్మాను. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అలాగే రాస్తానని చెప్పి, రిపోర్టు రాయడానికి ఒకరోజు ఇంటిదగ్గరే ఉంటానన్నాను.

ఆ మర్నాడు ఇంట్లో మామయ్య, నేను ఇద్దరమే ఉన్నాం. మా ఆయన డ్యూటీకి వెళ్లాడు. నేను నేలమీద కూర్చుని ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకున్నాను. కెమెరా లోపమని రెండుసార్లు టైపు చేసి రెండుసార్లు చెరిపాను. రెండు కాబోతుండగా ఆయన లేచి మేకుకున్న తెల్లచొక్కా తీసుకున్నారు. వేసుకుని, మెడదాకా గుండీలు పెట్టుకున్నారు. మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. అప్పుడు అర్థమైంది. ముందురోజు కూడా రెండయ్యేసరికి ఇలాగే చేసి ఉంటారు.

"ఒకటడగనా?" అన్నారు. "ఆ బటన్ ఎంతమంది నొక్కితే వింటుంది?"

"ఎంతమంది నొక్కినా ఒకటే మామయ్యా. కారుని ఒకటిగా లెక్కపెడుతుంది. బటన్నీ ఒకటిగానే."

"యాభై మంది కలిసి ఒక్కరా?"

"అవును."

"పాపం, దానికేం తెలుస్తుంది. ఎవరూ చెప్పుండరు."

"అది తెలీక జరిగింది. నాలుగు నిమిషాలు తెలీక జరగలేదు." లాప్‌టాప్ పక్కన పెట్టాను. "ముందు తొంభై సెకన్లుండేది. నేనే మార్చాను."

ఆయన తన పాదాలవైపు చూసుకుంటున్నారు.

"మార్చమన్నదెవరు?"

"అన్నది వేరేవాళ్లు. చేసింది నేను."

"ఆవిడ చెయ్యి విరగడం..."

"దాని తర్వాతే."

ఆయన గుండీలు ఒక్కొక్కటే తీసి, చొక్కా విప్పి మేకుకి తగిలించారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"పొద్దుటినుంచి ఏమీ తాగలేదు నువ్వు," అన్నారు. "టీ పెట్టనా?"

నాకు తెలిసి ఆయన ఎన్నడూ స్టవ్ ముట్టుకున్న మనిషి కాదు. పంచదార ఎక్కడుందని అడిగారు. పాలు పొంగి స్టవ్ మీద పోయాయి. తెచ్చిన టీ పాకంలా ఉంది. ఇద్దరం నేలమీదే కూర్చుని చివరిదాకా తాగాం. గ్లాసులు ఆయనే తీసుకెళ్లి కడిగారు. నేను రిపోర్టు రాశాను. గడువు తొంభై నుంచి రెండొందల నలభైకి ఏ తారీఖున మారిందో, మార్చిందెవరో, దానివల్ల పదిహేడో జంక్షన్ దగ్గర ఏం జరిగిందో రాసి, కింద నా పేరు పెట్టాను. పెద్దసారు పేరు రాయలేదు. మర్నాడు పొద్దున్నే ఆయనకి చూపించాకే పైకి పంపాను. ఆయన చదివి, "సరే," అన్నారు. అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. ముప్ఫై నాలుగు జంక్షన్లూ ఒక్కరోజులో పాత టైంటేబులుకి వెళ్లిపోయాయి. నన్ను కంట్రోల్ రూము నుంచి డిపోకి మార్చారు. కాలిపోయిన లైట్లు, వంగిపోయిన స్తంభాలు చూసుకునే పని. లాండ్రీ ఆడవాళ్లకి మళ్లీ వేళకి దారి దొరుకుతోందని మామయ్య లైబ్రరీ నుంచి వచ్చి చెప్పారు. కాకపోతే ఎండలో నిలబడిన ఆ రోజులు ఆయన తుంటికి చుట్టుకున్నాయి. చేతికి కర్ర వచ్చింది.

మా ఆయన మళ్లీ ఆలస్యంగా రావడం మొదలైంది. మొదటిరోజు కంచం ముందు కూర్చుని చాలాసేపు తినలేదు.

"నిజం రాశావు. మంచిదే," అన్నాడు. "రాసేముందు నాకొక్క మాట చెప్తే ఏం?"

"చెప్తే ఏమనేవాడివి?"

"రాయొద్దనేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు."

"అందరికోసం రాశావు. మరి నా నడుం కోసం ఎవరికి రాయాలి రిపోర్టు? బస్సులో అరవైమంది ఉంటారు నా వెనకాల. వాళ్లూ ఇళ్లకి పోవాల్సినవాళ్లే."

అతను అన్నదాంట్లో తప్పేం లేదు. కొన్నాళ్లు ఇద్దరం అవసరానికే మాట్లాడుకున్నాం. విచిత్రమేమిటంటే, ఆ రోజుల్లో మా మధ్య మాటలు మామయ్య చేరవేసేవారు. "వాడికి రేపు పొద్దున్నే డ్యూటీట," అనేవారు నాతో. అటు తిరిగి, "దానికి తలనొప్పిగా ఉంది, కాస్త ఆ బిందె దించరా," అనేవారు. అతనొచ్చేదాకా భోంచెయ్యకుండా కూర్చునేవారు. ఆయన కూర్చుంటే నేనూ కూర్చోక తప్పేది కాదు. అలా ఆలస్యంగానైనా మళ్లీ ముగ్గురం కలిసి తినసాగాం.

వానలు మొదలయ్యాక ట్రయల్ మళ్లీ పెట్టారు. నేను లేను, వేరేవాళ్లు చేశారు. డిపో నోటీసు బోర్డు మీద కాగితం చదివాను. నడిచేవాళ్ల గడువు డెబ్బై సెకన్లు, ఎవరూ మార్చడానికి వీల్లేదు. ఫుట్‌పాత్ మీద నిలబడినవాళ్లని కూడా కెమెరా ఒక్కొక్కరినీ లెక్కపెడుతుంది. ఈసారి ఆగే సమయం పదహారు శాతమే తగ్గింది. కమిటీ దాన్నే ఒప్పుకుంది. మా ఆయన ఇప్పుడు అరగంట ముందొస్తున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. పెద్దసారు మాత్రం అప్పటికే సెలవు మీద వెళ్లిపోయారు. ఒకసారి ఫోన్ చేద్దామనుకున్నాను. చెయ్యలేదు.

ఒక ఆదివారం సాయంత్రం మామయ్య తనకి అది చూడాలనుందన్నారు. సన్నగా తుంపర పడుతోంది. గొడుగొకటి పట్టుకుని ఇద్దరం పదిహేడో జంక్షన్‌కి వెళ్లాం. నేను బటన్ నొక్కాను. మాతోపాటు ఇంకో పదిమంది నిలబడ్డారు. యాభై సెకన్లయినా కాకుండానే బళ్లు ఆగాయి, మాకు పచ్చ వెలిగింది.

"వింటోందే!" అన్నారు మామయ్య.

అందరూ దాటేశారు. మామయ్య కర్ర వేసుకుంటూ నడిచారు. ఒక అడుగు, కర్ర, ఇంకో అడుగు. సగం రోడ్డు కాకముందే పచ్చ మిణుకుమనడం మొదలైంది. పరిగెత్తే కాళ్లు కావు అవి. రోడ్డు మధ్యలో ఉన్న సన్నటి గట్టు మీదికి ఆయన్ని ఎక్కించేసరికి ఎర్రలైటు పడింది. రెండువైపులా బళ్లు కదిలాయి. ఒక బస్సు మా మీద నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లింది.

"వెలిగేదాకా ఎంతసేపాగాలో చూశారు గానీ," అన్నారాయన, మొహం తుడుచుకుంటూ, "దాటడానికి ఎంతసేపు పడుతుందో చూడలేదు."

"పద్దెనిమిది సెకన్లే ఇస్తుంది మామయ్యా. నాకు తట్టలేదు. వాళ్లకీ తట్టినట్టు లేదు."

"ఎవరికి చెప్పాలో తెలుసా?"

"తెలుసు. ఇప్పుడది నా పని కాదు."

"కాదులే," అన్నారు. నావైపు తిరిగి, "చెప్తావా?" అన్నారు.

ఒళ్లంతా అలసటగా ఉంది. రేపు పొద్దున డిపోలో ఏడు స్తంభాల పనుంది. కంట్రోల్ రూము మెట్లు మళ్లీ ఎక్కాలంటే నాకు మనసు రావడం లేదు.

"చెప్తాను," అన్నాను. "రేపు."

ఆయన తలూపారు. గట్టు ఇద్దరికి చాలడం లేదు. కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఖాళీ అయిన చెయ్యి నా భుజం మీద వేశారు. బరువంతా వేశారు.

"ఎంతసేపు ఇప్పుడు?"

"డెబ్బై లోపే వస్తుంది."

"సరే," అన్నారు మామయ్య. "నిలబడదాం."